హెచ్‌ఐవీ లెక్క తగ్గింది, దాపరికం తగ్గలేదు

ఏటా డిసెంబరు 1 వస్తే ఎయిడ్స్ దినం పేరుతో విద్యార్థుల ఊరేగింపు, ఎర్ర రిబ్బన్లు, ఉపన్యాసాలు ఉంటాయి. మరునాటి నుంచి మళ్ళీ ఏడాది దాకా ఆ మాట ఎవరి నోటా రాదు. మన తెలుగు ఇళ్ళలో అయితే ఆ ఒక్కరోజు కూడా రాదు. షుగరు, బీపీ, కిడ్నీలో రాళ్ళు అంటే పెళ్ళి పందిట్లో కూర్చుని గంటల తరబడి మాట్లాడుకుంటాం. హెచ్‌ఐవీ అనగానే గొంతు తగ్గిస్తాం, లేదా లేచి వెళ్ళిపోతాం. ఈ మౌనం ఖరీదు ఎంత, దాన్ని ఎవరు చెల్లిస్తున్నారు అన్నది కోలారు జిల్లాలో తరతరాలుగా ఉంటున్న మన కుటుంబాల ముందు పెట్టడం అవసరమని మా సంఘం భావించింది.

ముందుగా లెక్కలు చూద్దాం. మన దేశంలో ఈ వైరస్ జాడ 1986లో తేలింది. మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సోలోమన్ సలహా మీద సెల్లప్పన్ నిర్మల అనే విద్యార్థిని రక్త నమూనాలు సేకరించారు. వాటిని పరీక్షించింది వేలూరు సీఎంసీలో. గనుల కాలం నుంచి పెద్ద జబ్బు వస్తే మనవాళ్ళు రైలెక్కి కాట్పాడిలో దిగి వెళ్ళే ఆసుపత్రి అదే. అంటే దేశంలో దీని మొదటి రుజువు మన కూతవేటు దూరంలోనే దొరికిందన్నమాట. ఆ తర్వాత 1992లో కేంద్రం జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థను, అంటే నాకోను ఏర్పాటు చేసింది.

దక్షిణాది మీద దెబ్బ గట్టిగానే పడింది. 2005-06లో జరిగిన మూడో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మొదటిసారి ఇళ్ళకు వెళ్ళి రక్త పరీక్షలు చేశారు. 15 నుంచి 49 ఏళ్ళ వయసువారిలో దేశం మొత్తం మీద 0.28 శాతం మందికి హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలింది. తమిళనాడులో అది 0.34 శాతం, కర్ణాటకలో 0.69 శాతం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 0.97 శాతం. అంటే ఆంధ్రలో వెయ్యి మందిని తీసుకుంటే దాదాపు పదిమంది, మన రాష్ట్రంలో ఏడుగురు. అంతకుముందు దేశంలో యాభై లక్షలకు పైగా రోగులు ఉన్నారని అనుకునేవారు. ఈ సర్వే వచ్చాక 2007లో ఆ అంచనాను సుమారు 25 లక్షలకు దించారు. అయినా దేశపు సగటు కన్నా మన రాష్ట్రం రెండు రెట్లు, మన బంధువుల రాష్ట్రం మూడు రెట్లు మించి ఉన్నాయన్న సంగతి మారలేదు.

అదే సమయంలో మంచి కబురు కూడా మొదలైంది. 2006లో లాన్సెట్ వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్రలలో గర్భిణీ పరీక్షలకు వచ్చిన 15 నుంచి 24 ఏళ్ళ యువతులలో హెచ్‌ఐవీ 2000లో 1.7 శాతం ఉండగా, 2004 నాటికి 1.1 శాతానికి తగ్గిందని అందులో తేల్చారు. ఆ వయసు ఆడపిల్లలలో కనిపించేది చాలావరకు కొత్తగా సోకినదే. కాబట్టి అక్కడ తగ్గిందంటే వ్యాప్తి తగ్గుతోందని అర్థం.

ఇక నాకో 2021 అంచనాలు: దేశంలో వయోజనుల్లో 0.21 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47, కర్ణాటకలో 0.46. ఈ అంకెలు చూసి కొందరు ఇన్నేళ్ళూ ఇంత డబ్బు పోసి సాధించింది ఇదేనా అంటారు. గుమాస్తా పని చేసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. ఖాతాలో మూడు పద్దులు ఉంటాయి. ఈ ఏడాది కొత్తగా సోకినవారు జమ. చనిపోయినవారు తీసివేత. మిగిలింది నిల్వ. మనం శాతాలలో చూసేది నిల్వను. మందులు అందరికీ అందితే చావులు తగ్గుతాయి, నిల్వ తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. అందుకే జమనూ తీసివేతనూ విడిగా చూడాలి. 2010 నుంచి 2021 వరకు దేశంలో కొత్తగా సోకడం 46 శాతం తగ్గింది, ఎయిడ్స్ చావులు 76 శాతం తగ్గాయి. 2021లో కొత్తగా సోకినవారు సుమారు 63 వేలు, చనిపోయినవారు సుమారు 42 వేలు. నిల్వ 24 లక్షలు.

ఈ తగ్గుదల దానంతట అది రాలేదు. దీనికి నాలుగు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది, సెక్స్ వర్కర్లు. సమాజం ఎవరిని చూసి ముఖం తిప్పుకుందో, ఈ వ్యాధిని అడ్డుకోవడంలో వాళ్ళే ముందు నిలిచారు. బెళగావి, బాగలకోటె, విజయపుర జిల్లాల పల్లెల్లో, మైసూరులో ఆశోదయ సమితి వంటి చోట్ల వాళ్ళే జట్లుగా ఏర్పడి, తోటివారికి కండోములు ఇచ్చి, పరీక్షలకు తీసుకెళ్ళారు. 2003లో గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో ఆరు రాష్ట్రాల్లో మొదలైన 'ఆవాహన్' పథకం వల్ల ఐదేళ్ళలో సుమారు లక్ష మందికి హెచ్‌ఐవీ సోకకుండా ఆగిందని 2011లో లాన్సెట్‌లో అంచనా వేశారు. రెండోది, రక్తం. సుప్రీంకోర్టు తీర్పు వల్ల 1998 జనవరి 1 నుంచి డబ్బుకు రక్తం అమ్మే పద్ధతి ఆగిపోయింది. మూడోది, గర్భిణులకు పరీక్ష. చికిత్స లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం నూటికి 15 నుంచి 45 దాకా ఉంటుంది. వేళకు మందు పడితే అది ఐదు లోపుకు దిగుతుంది.

నాలుగోది మందులు. ఒకప్పుడు ఈ మందులకు మనిషికి ఏడాదికి పదివేల డాలర్లకు పైగా అయ్యేది. 2001లో మన దేశపు సిప్లా కంపెనీ రోజుకు డాలరు లోపే ఇస్తామని ముందుకొచ్చింది. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఎనిమిది ఆసుపత్రుల్లో ఉచితంగా ఏఆర్‌టీ మందులు ఇవ్వడం ప్రారంభించింది. 2017 నుంచి పరీక్షలో పాజిటివ్ అని తేలిన ప్రతివారికీ, రోగనిరోధక శక్తి ఎంత ఉన్నా సరే, వెంటనే మందు మొదలుపెట్టాలన్నది విధానం. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్క మాత్ర చాలు.

ఇప్పుడు ప్రాంతాల వారీగా చూస్తే బొమ్మ మారుతోంది. 2021 అంచనాల్లో మిజోరం 2.70 శాతం, నాగాలాండ్ 1.36, మణిపూర్ 1.05. అక్కడ సూదితో మత్తుమందు తీసుకోవడం ఒక ముఖ్య కారణం. త్రిపుర, అరుణాచల్, మేఘాలయ, పంజాబ్ వంటి చోట్ల 2010 తర్వాత కొత్త కేసులు తగ్గకపోగా పెరిగాయి. దక్షిణాదిలో జమ తగ్గింది. కానీ నిల్వ మన దగ్గరే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 3.21 లక్షల మంది, కర్ణాటకలో 2.76 లక్షల మంది. రెండూ కలిపితే దేశంలో నాలుగో వంతు. ఆ రెండు రాష్ట్రాల సరిహద్దు మీదే మన జిల్లా ఉంది. ముళబాగిలు, శ్రీనివాసపురం తాలూకాల నుంచి పలమనేరు, మదనపల్లెలకు సంబంధాలు ఇచ్చిపుచ్చుకునేది మనమే. కాబట్టి ఇది ఎవరిదో ఊరి సంగతి అనుకోవడానికి వీల్లేదు.

మన జిల్లాకు, అందులోనూ కేజీఎఫ్‌కు, ఈ విషయంలో సొంత చరిత్ర ఒకటి ఉంది. మన తాతలు, తండ్రులు రాతి దుమ్ము పీల్చి పనిచేశారు. సిలికోసిస్ జబ్బు మన దేశంలో ఉందని మొదటిసారి 1947లో వైద్య లోకానికి తెలిసింది కోలారు గనుల కార్మికుల వల్లే. సిలికా దుమ్ము పట్టిన ఊపిరితిత్తిని టీబీ సులువుగా పట్టుకుంటుంది. హెచ్‌ఐవీ ఉన్న ఒంటిని కూడా టీబీ అంతే సులువుగా పట్టుకుంటుంది. హెచ్‌ఐవీ ఉన్నవారి ప్రాణాలు ఎక్కువగా తీసేది టీబీయే.

ఈ మూడూ ఒకచోట కలిస్తే ఏమవుతుందో దక్షిణాఫ్రికా బంగారు గనులు చూపించాయి. అక్కడ మగవాళ్ళను పక్క దేశాల నుంచి కూడా తెచ్చి, భార్యాబిడ్డలకు దూరంగా హాస్టళ్ళలో ఉంచి ఏళ్ళ తరబడి పని చేయించారు. దుమ్ము, టీబీ, హెచ్‌ఐవీ ఒకేసారి దాడి చేశాయి. సిలికోసిస్, టీబీ బాధితులకు గని కంపెనీలు పరిహారం చెల్లించే ఒప్పందాన్ని అక్కడి కోర్టు 2019లో ఆమోదించింది. మన గనుల్లో కార్మికులు పెళ్ళాం పిల్లలతో లైన్లలోనే కాపురం ఉన్నారు. ఇరుకు గదులే అయినా కుటుంబం ఒక్కచోట ఉంది. మనకు అంత ముప్పు రాకపోవడానికి అది ఒక కారణం అయి ఉంటుందని మేము అనుకుంటున్నాం.

అయితే 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. అప్పటి నుంచి కుటుంబం లైన్లో, సంపాదన బెంగళూరులో. మారికుప్పం, ఛాంపియన్, ఉరిగాం, కోరమండల్ స్టేషన్లలో తెల్లవారకముందే రైలెక్కి, రాత్రికి ఇల్లు చేరేవారు వేలల్లో ఉన్నారు. కొందరు వారానికి ఒకసారి వస్తారు, కొందరు గల్ఫ్ నుంచి రెండేళ్ళకు ఒకసారి. జిల్లా మధ్యగా మద్రాసు హైవే పోతుంది. కోలారు టమాటా లారీలు దేశమంతా తిరుగుతాయి. ఇంటికి దూరంగా బతికే మనిషిని తప్పు పట్టడం కోసం ఈ మాట అనడం లేదు. ఎక్కడ రాకపోకలు ఎక్కువో అక్కడ పరీక్షా, చికిత్సా కూడా అంత దగ్గరగా ఉండాలి అని చెప్పడానికే అంటున్నాం.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 2025 నాటికి 95-95-95 చేరుకోవాలని ప్రపంచ దేశాలు లక్ష్యం పెట్టుకున్నాయి. హెచ్‌ఐవీ ఉన్నవారిలో 95 శాతానికి తమ సంగతి తెలియాలి. తెలిసినవారిలో 95 శాతం మందు వాడాలి. వాడేవారిలో 95 శాతానికి రక్తంలో వైరస్ అణగిపోవాలి. 2023-24లో మన దేశం 81-88-97 దగ్గర ఉంది. చివరి అంకె చూడండి, లక్ష్యాన్ని దాటేసింది. అంటే మందు వాడితే అది పనిచేస్తోంది, అందులో లోటు లేదు. లోటు మొదటి అంకెలో ఉంది. వందమందిలో 19 మందికి తమకు ఉందన్న సంగతే తెలియదు. తెలిసిన 81 మందిలో మందు వాడేది 71 మంది. చివరకు వైరస్ అణిగింది 69 మందికి. మిగతా 31 మంది దగ్గర డబ్బు లేక ఆగలేదు, ఎందుకంటే పరీక్షా ఉచితమే, మందూ ఉచితమే. వారిలో చాలామందిని ఆపుతున్నది భయం, సిగ్గు, ఎవరైనా చూస్తారేమో అన్న బెంగ.

ఆ బెంగకు మూలం మన ఇళ్ళే. ఎవరికైనా ఉందని తెలిస్తే కంచం, గ్లాసు వేరు పెడతాం. పేరంటానికి పిలవడం మానేస్తాం. ఆ ఇంటి ఆడపిల్లకు సంబంధం చూడం. భర్త ద్వారా సోకిన భార్యనే, ఆమె వల్లే ఇంటికి అరిష్టం వచ్చిందని పుట్టింటికి పంపిస్తాం. ఇవన్నీ చూసిన మనిషి సొంత ఊళ్ళో ఆసుపత్రికి వెళ్తాడా? వెళ్ళడు. తెలిసినవారు కనిపించని దూరపు ఊరికి వెళ్తాడు. బండి దొరకని నెల, కూలి పోతుందనుకున్న నెల, మందు మానేస్తాడు. మానేస్తే వైరస్ మళ్ళీ లేస్తుంది, మందుకు లొంగని రకంగా మారే ప్రమాదమూ ఉంది. అంటే మనం వేరు పెట్టిన కంచం మనకు రక్షణ ఇవ్వలేదు సరికదా, వ్యాధిని పెంచింది.

కంచం, గ్లాసు, పక్కన కూర్చోవడం, కౌగిలి, దోమకాటు, ఒకే బాత్రూము, వీటివల్ల హెచ్‌ఐవీ రాదు. రక్షణ లేని లైంగిక సంబంధం, సోకిన రక్తం, ఒకరు వాడిన సూది, చికిత్స అందని తల్లి నుంచి బిడ్డకు, ఈ దారుల్లోనే వస్తుంది. ఇంకొక మాట కూడా ఇప్పుడు వైద్యలోకం ఖాయంగా చెబుతోంది. రోజూ మందు వాడుతూ, వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనిపించని స్థితికి చేరి, అలాగే కొనసాగించే వ్యక్తి నుంచి లైంగికంగా జీవిత భాగస్వామికి వైరస్ సోకదు. అలాంటివారు పెళ్ళి చేసుకోవచ్చు, ఆరోగ్యమైన బిడ్డలను కనవచ్చు. ఇరవై ఏళ్ళ కింద ఇది మరణవార్త. ఇవాళ షుగరులాగా రోజూ మాత్ర వేసుకుని, వేళకు చూపించుకుని, నిండు ఆయుష్షు బతికే జబ్బు.

చట్టం కూడా మారింది. 2017లో పార్లమెంటు చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం మనిషి అంగీకారం లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. ఉద్యోగం, చదువు, వైద్యం, అద్దె ఇల్లు, ఇవేవీ హెచ్‌ఐవీ కారణంగా నిరాకరించకూడదు. ఫిర్యాదులు వినడానికి ప్రతి రాష్ట్రంలో అంబుడ్స్‌మన్ ఉండాలి. ఈ రోగుల మీద ద్వేషం రెచ్చగొట్టే మాటలు ప్రచారం చేస్తే మూడు నెలల నుంచి రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంటుంది. వాట్సాప్‌లో ఎవరి రిపోర్టో ఫార్వర్డ్ చేసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అద్దెకు ఇల్లిచ్చే మన పెద్దలు కూడా గుర్తుంచుకోవాలి.

అధికారుల ముందు మేము మూడు మాటలు పెడుతున్నాం. ఒకటి, వేళలు. తెల్లవారుజామున రైలెక్కి రాత్రికి దిగే మనిషికి పగటి ఓపీ వేళల్లో మందు తీసుకోవడం అంటే ఆ రోజు కూలి పోగొట్టుకోవడం. వారంలో ఒక సాయంత్రమో, ఆదివారం పూటో కేజీఎఫ్‌లోనే మందు అందే ఏర్పాటు కావాలి. జబ్బు నిలకడగా ఉన్నవారికి మూడు నెలల మందు ఒకేసారి ఇచ్చే పద్ధతి ఇప్పటికే ఉంది, దాన్ని అడగకుండానే అందరికీ వర్తింపజేయాలి. రెండు, సరిహద్దు. ఒక రాష్ట్రంలో నమోదైన రోగి మరో రాష్ట్రంలోని కేంద్రానికి మారే వీలు ఉంది. ముళబాగిలు నుంచి చిత్తూరు వైపు పనికి వెళ్ళేవారికి ఆ సంగతి చెప్పే మనిషి కావాలి. మూడు, భాష. మనవాళ్ళు ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, ఆఫీసులో కన్నడం మాట్లాడి నెట్టుకొస్తారు. కానీ ఇలాంటి మాట చెప్పుకోవడానికి, అర్థం చేసుకోవడానికి తల్లి భాషే కావాలి. కౌన్సెలింగ్ గదిలో తెలుగు తెలిసిన మనిషి, గోడ మీద కన్నడంతో పాటు తెలుగులో నాలుగు వాక్యాలు పెద్ద ఖర్చు కాదు.

జాతీయ కార్యక్రమం ఐదో దశకు కేంద్రం 15,471.94 కోట్లు కేటాయించింది. దాని గడువు 2021 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు. 2025లో అమెరికా సాయం కోత పెట్టడంతో ఆఫ్రికా దేశాలు ఇక్కట్లు పడ్డాయి. మన కార్యక్రమానికి డబ్బు కేంద్ర బడ్జెట్ నుంచే వస్తుంది కాబట్టి మనకు అంత దెబ్బ తగలలేదు. కేసులు తగ్గాయి కదా అని ఆ డబ్బు తగ్గించడానికి వీల్లేదు. మందు వాడేవారు బతికినంత కాలం వాడాలి కాబట్టి, నిల్వ ఉన్నంతకాలం ఖర్చూ ఉంటుంది. మరోవైపు కొత్త ఆశ కూడా ఉంది. ఆరునెలలకు ఒకసారి ఇంజెక్షన్‌గా తీసుకుంటే హెచ్‌ఐవీ సోకకుండా కాపాడే లెనకాపవిర్ మందును హైదరాబాదు కంపెనీలు డాక్టర్ రెడ్డీస్, హెటెరో 2027 నుంచి ఏడాదికి సుమారు 40 డాలర్లకే 120 దేశాలకు అందిస్తామని 2025లో ప్రకటించాయి. తెలుగువారి కంపెనీలు లోకానికి మందు ఇస్తున్న కాలంలో, తెలుగు ఇంట్లో ఒక మనిషి పరీక్షకు వెళ్ళడానికి సిగ్గుపడటం సబబు కాదు.

ఇక మన వంతు. ఇంట్లో ఎవరికైనా రెండు వారాలు దాటి దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉంటే టీబీ పరీక్షతో పాటు హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేయించండి. పాత గని కార్మికుల ఇళ్ళలో అయితే ఇది దుమ్ము జబ్బేలే అని వదిలేయకండి. గర్భిణికి మొదటి మూడు నెలల్లోనే పరీక్ష చేయించండి, భర్తకు కూడా. పెళ్ళికి ముందు జాతకాలు చూసే కుటుంబాలు, ఇద్దరూ ఒప్పుకుంటే ఇద్దరికీ పరీక్ష చేయించుకోవడంలో తప్పేమీ లేదు. ఆ ఫలితం ఆ ఇద్దరి మధ్యే ఉండాలి, పెళ్ళిళ్ళ పేరయ్య దాకా వెళ్ళకూడదు. ప్రభుత్వ ఆసుపత్రిలోని పరీక్షా కేంద్రంలో వివరాలు రహస్యంగా ఉంచుతారు. పేరు చెప్పకుండా సందేహం అడగాలంటే 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.

మా సంఘం తరఫున ఒక మాట ఇస్తున్నాం. ఉగాది సంబరమైనా, వనభోజనమైనా, పిల్లల బహుమతుల సభ అయినా, ఈ జబ్బు ఉందన్న కారణంతో ఏ కుటుంబాన్నీ పిలవకుండా ఉండం, పంక్తిలో వేరుగా కూర్చోబెట్టం. సాయం కోరి వచ్చినవారి పేరు రిజిస్టరులో రాయం, కార్యవర్గ సమావేశంలో చర్చకు పెట్టం. ఆసుపత్రికి తోడు రమ్మంటే మాలో ఒకరు వస్తాం. మీ ఇళ్ళలో కూడా ఈ ఒక్క కట్టుబాటు పెట్టుకోండి. అప్పుడు ఆ 31 మందిలో మనవారు ఎందరున్నా, చీకటి పడేదాకా ఆగకుండా పట్టపగలే ఆసుపత్రి మెట్లెక్కుతారు.